అడిగి తెచ్చిన అంగీ

మూడో కాన్పులో మగపిల్లవాడు పుట్టి మూడు నెలలు దాటినా ఇంద్రమ్మ వాడికి పేరు పెట్టలేదు. ఒంటి మీద కుట్టిన బట్ట వేయలేదు. పుష్యమాసం చలిలో కూడా పాత ధోవతి ముక్కలోనే చుట్టి పెట్టింది. ముందు పుట్టిన ఇద్దరికీ ఘనంగా పేర్లు పెట్టారు, పట్నం నుంచి జరీ టోపీలు తెప్పించారు. ఆ ఇద్దరూ అయిదో నెల చూడలేదు. టోపీలు మాత్రం పెట్టెలో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

వీడికి నాలుగో నెల వచ్చిన రోజు పొద్దున్నే అత్త మణెమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే మాట ఎత్తింది.

"ఇగ ఆల్చెం చెయ్యకు ఇంద్రా. ఇయ్యాల పోయి ఏడిండ్లు అడుక్కరా. ఐతారం నాటికి అంగీ కుట్టి తొడుగు. భిక్షం అని పిలుద్దాం."

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇది అందరికీ తెలిసిన మందే. పిల్లలు దక్కని తల్లి ఏడు ఇళ్ళ ముందు కొంగు పట్టి గుడ్డ పేలికలు అడగాలి. వాటిని అతికి తన చేత్తోనే అంగీ కుట్టి బిడ్డకు తొడగాలి. ఆ తర్వాత వాడు కలవారి బిడ్డ కాడు, అడుక్కున్న బిడ్డ. అడుక్కున్న వాడి మీద చావుకు కూడా కన్ను పడదని నమ్మకం. నమ్మకం ఎంత నిజమో చెప్పడం మన పని కాదు గానీ, ఇద్దరిని మట్టి చేసిన తల్లికి ఇంకో దారి చూపించిన వాళ్ళు కూడా లేరు.

"పెంటమ్మను పంపుదామా అత్తమ్మా?" అంది ఇంద్రమ్మ. పెంటమ్మ ఇంట్లో అంట్లు తోమే మనిషి.

"పెంటమ్మ అడుక్కొస్తె పెంటమ్మ కొడుకు బతుకుతడు. నీ కొడుకు బతకాలంటె నువ్వే పోవాలె. ఏడింట్ల ఒక్కటన్న వాడల ఇల్లు ఉండాలె, మర్చిపోకు. ఎంత కిందికి పోయి అడిగితె గంత గట్టిగ నిలబడతడు."

పెద్దచెరువు కింద రెండు పంటలు పండే భూమి ఉన్న ఇల్లు అది. ఆ ఇంటి కోడలు ఎవరి గుమ్మం ముందైనా నిలబడిందంటే ఆ ఇంటివాళ్ళు చేతిలో పని వదిలి లేచి నిలబడతారు. అలాంటి మనిషి కొంగు పట్టాలి. ఇంద్రమ్మ వెలిసిపోయిన చీర ఒకటి వెతికి కట్టుకుంది. పుస్తెలతాడు తప్ప మెడలో ఏమీ ఉంచుకోలేదు. రైక సంగతే మరిచిపోయింది. ఒంటి మీద ఉన్నది నీలిచారల కొత్త రైక, వారం కిందట తనే కుట్టుకున్నది.

ఆ నీలిచారల గుడ్డ, సామాను పెట్టుకునే వెనక అర్రలోని తానులోది. యుద్ధం మొదలైన దగ్గర నుంచి బజారులో బట్ట కనిపించడం మానేసింది. సర్కారు కార్డుల మీద ఇచ్చే కంట్రోలు బట్టే దిక్కు. ఊరి చివర కూలి జనం ఉండే వాడకు ఆ బట్ట పంచే పని ఇంద్రమ్మ భర్త, ఊరి పటేల్ హన్మంతరెడ్డి చేతిలో పెట్టారు. నెల కిందట ఒక మాపటేళ బండి వచ్చి ఎనిమిది తాన్లు వెనక అర్రలో దిగాయి. వాటి మీద చాప కప్పారు. ఒక తాను కొస చింపి హన్మంతరెడ్డి భార్య చేతికిచ్చి, "రైక కుట్టుకో" అన్నాడు. ఇంద్రమ్మ కుట్టుకుంది. మిగతా తాన్లు ఎప్పుడు పంచుతారని అడగలేదు. అడగకపోవడం కూడా ఒక తెలివేనని ఆ ఇంటి కోడళ్ళకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

మొదటి మూడు ఇళ్ళు తమ వాళ్ళవే కాబట్టి గండం గడిచింది. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ పేలికలు వేశారు. నాలుగోది సాలె రేణుకమ్మ ఇల్లు. నూలు దొరక్క మగ్గం మూలన పడి ఆరు నెలలైంది. ఇంద్రమ్మ వాకిట్లో నిలబడి నోరు తెరిచింది గానీ మాట పెగల్లేదు. బతుకంతా "ఇయ్యి" అనడం తెలుసు, "ఇయ్యుండ్రి" అనడం తెలియదు. రేణుకమ్మే ఆ కొంగు చూసి అర్థం చేసుకుంది. లోపలికి పోయి, మగ్గం దించేటప్పుడు కోసి దాచిన జానెడు కొస తెచ్చి వేసింది.

"ఇది ఆఖరి నేత దొరసానీ. పారేయబుద్ధిగాక దాసుకున్న," అంది.

అయిదో ఇల్లు ముసలి ఖాసింబీది. పహాడీ షరీఫ్ దర్గా నుంచి తెచ్చుకున్న పచ్చగుడ్డలో ఒక మూల చింపి, పిల్లవాడికి అల్లా ఆయుష్షు ఇవ్వాలని దీవించి మరీ ఇచ్చింది. కుమ్మరింటి వాళ్ళు కుండలు చేసే సారె తుడిచే గుడ్డ తప్ప ఏమీ లేదని నొచ్చుకుని, దాన్నే పిండి ఆరేసి ఇచ్చారు. ఆరు అయ్యాయి. పొద్దు నడినెత్తికి రాకముందే ఏడోది కావాలి. ఇంద్రమ్మ శేరిగూడ తోవ పట్టి వాడ వైపు నడిచింది.

వాడలో ఆమెకు పేరు తెలిసిన మనిషి నీలమ్మ ఒక్కతే. వాళ్ళ పొలంలో నాట్లకూ కోతలకూ ముందు వరుసలో ఉండే మనిషి. ఆమె కొడుకు ఎంకయ్య ఇంద్రమ్మ వాళ్ళింట్లోనే జీతగాడు. గుడిసె తలుపు దగ్గరగా వేసి ఉంది.

"నీలీ," అని పిలిచింది ఇంద్రమ్మ.

లోపల గుసగుసలు వినిపించాయి. కొంతసేపటికి నీలమ్మ తలవాకిట వంగి బయటికొచ్చింది. ఆమె వెంటనే తలుపు మళ్ళీ మూసుకుంది, లోపలి నుంచి ఎవరో తోసినట్లు.

"దొరసానీ! గింత దూరం నువ్వే వచ్చినవ్? కబురంపితె నేనే రాకపోదునా?"

ఇంద్రమ్మ కొంగు పట్టింది. నీలమ్మ ఆ కొంగు వైపు చూసి, ముఖం వైపు చూసి, చేతులు తుడుచుకుంది.

"పిలగాని కోసమా?"

"అవ్."

"మంచిగ చేసినవ్. ఉండు."

నీలమ్మ లోపలికి పోయింది. లోపల పడుచు గొంతు ఏదో అంటోంది, నీలమ్మ కసురుతోంది. ఇంద్రమ్మ ఎండలో నిలబడే ఉంది. ఆ వాడలో ఆమెను కూర్చోమనడానికి ఎవరికీ ధైర్యం లేదు, కూర్చోవడానికి ఆమెకూ మనసు రాదు. ఎదురు గుడిసెల తలుపులన్నీ అలాగే దగ్గరగా వేసి ఉన్నాయి. పట్టపగలు వాడలో ఒక్క పడుచుపిల్ల కూడా ఎందుకు కనిపించడం లేదా అనుకుంది.

నీలమ్మ గుప్పిట్లో ముక్కతో వచ్చింది. ఎప్పుడూ ఇంద్రమ్మ చేయి పైన, నీలమ్మ ఒడి కింద. మిగిలిన అన్నమైనా, కూలి గింజలైనా తగలకుండా పైనుంచి వేయడమే అలవాటు. ఇప్పుడు నీలమ్మ చేయి పైన ఉంది. ఆమె కూడా అలాగే తగలకుండా, ఎత్తు నుంచి ముక్కను వదిలింది. మంకెనపువ్వు రంగు గుడ్డ, అరచేతికి రెండింతలుంటుంది.

"పెద్దదే ఇచ్చినవ్," అంది ఇంద్రమ్మ, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "నీ కోడలు కనబడదేం? మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. నేను లోపలికి పోతెనే అది బయటికొస్తది."

"ఎందుకట్ల?"

"ఇద్దరికి ఒక్కటే చీర గద దొరసానీ."

నీలమ్మ ఆ మాట సిగ్గుపడుతూ అనలేదు, ఏడుస్తూ అనలేదు. చెరువులో నీళ్ళు తగ్గాయని చెప్పినట్లు చెప్పింది. సిగ్గంతా వచ్చి ఇంద్రమ్మ మీద పడింది.

"కంట్రోలు బట్ట వస్తె బాధ తీరుతదనుకున్నం. మా ఎంకయ్య మూడుసార్లు అడిగిండు పటేల్‌ను. ఈ తాప మన ఊరికి రానేలేదు అన్నడట." నీలమ్మ చూపు ఇంద్రమ్మ భుజం దగ్గర ఆగింది. "కొత్త రైకనా దొరసానీ? రంగు మంచిగున్నది."

ఇంద్రమ్మ కొంగు భుజం మీదికి లాక్కోబోయింది. కొంగులో ఏడిళ్ళ పేలికలున్నాయి, లాగితే కింద పడతాయి.

"పుట్టింటోళ్ళు పెట్టిన్రు," అంది.

"అవ్ మల్ల," అంది నీలమ్మ.

ఇంటికి వచ్చేదాకా ఇంద్రమ్మకు తల కొట్టేసినట్లే ఉంది. ఎవరో తరుముతున్నట్లు నడిచింది. ఇంట్లో అడుగు పెట్టగానే మొదట చేసిన పని రైక విప్పి పాతది తొడుక్కోవడం.

ఆ సాయంత్రం హన్మంతరెడ్డి అన్నం తింటున్నప్పుడు మెల్లగా కదిపింది.

"వెనక అర్రల బట్ట ఎప్పుడు పంచుతరు?"

అతను ముద్ద ఆపలేదు. "ఎవరడిగిన్రు?"

"ఎవరడుగుతరు? నేనే."

"రాలేదని చెప్పిన. పట్నంల ఒక సేటు తీసుకుంటనంటుండు. వచ్చే బుధవారం బండి కడతం."

"రాలేదని చెప్పిన్రా?" పప్పుగిన్నె కింద పెట్టింది ఇంద్రమ్మ. "వాడల ఇద్దరు ఆడోళ్ళకు ఒక్క చీర ఉన్నదట. ఒకతి బయటికొస్తె ఒకతి లోపల..."

"వాళ్ళకు కొత్తనా ఇది? ఎండకాలం వస్తె అన్నీ సర్దుకుంటయ్. నువ్వు బాలెంతవు, ఇసుంటియన్నీ మనసుల పెట్టుకోకు." చేయి కడుక్కుని తొట్టెల దగ్గరికి పోయి పిల్లవాడి బొటనవేలు పట్టి ఊపాడు. వాడు నవ్వాడు. హన్మంతరెడ్డి ముఖం ఆ నవ్వుకు కరిగిపోయింది. "ఇదంత ఎవరి కోసం? గీ లాట్‌సాబ్ కోసమే గదా," అన్నాడు.

కంచే చేను మేసినట్లని సామెత ఉంది. చేను మేసిన కంచె తన పిల్లవాడిని ముద్దాడుతుంటే ఆ ఇల్లాలు ఏమంటుంది? ఇంద్రమ్మ కంచం తీసి ఎంగిలి ఊడ్చింది.

మర్నాడు పొద్దెక్కగానే వాకిట్లో ఎండపడే చోట చాప వేసుకుని పేలికలు పరిచింది. కుట్టుపని ఆమెకు చేతనవును. ముందు అన్నిటినీ వేడినీళ్ళలో ముంచి ఆరేసింది. లేకపోతే అంగీ అయ్యాక ఒక ముక్క ముడుచుకుని, ఒక ముక్క సాగి, పిల్లవాడి ఒంటిని కొరుకుతుంది. ఆరిన తర్వాత ఒక్కోదాన్ని రెండు చేతులతో లాగి నిలువు పోగు ఎటుందో, అడ్డపోగు ఎటుందో చూసుకుంది. అన్నిటికీ పోగు ఒకే వైపు ఉండేలా పేర్చింది. రేణుకమ్మ నేత గట్టిది, అది భుజాలకు. ఖాసింబీ పచ్చగుడ్డ ఎదకు. కుమ్మరి వాళ్ళది ఎంత ఉతికినా మట్టి రంగు పోలేదు, అది చంక కిందికి. దారం బజారులో లేదు. ఉన్నా కొనకూడదు. ముక్కల అంచుల నుంచే పోగులు లాగి, రెండేసి పేని, మైనం రాసి సూదికి ఎక్కించింది.

మంకెన రంగు ముక్క చేతిలోకి తీసుకుంది.

"వాడ ముక్క లోపలి పక్కకు వెయ్యి. పైకి కనబడనియ్యకు," అంది మణెమ్మ బియ్యం చెరుగుతూ.

లోపలి పక్కకు పెట్టి సూది దించింది. గుడ్డ సూదిని ఆపలేదు. కట్టి కట్టి, ఉతికి ఉతికి ఎంత నలిగిందంటే సూది దిగినచోట బెజ్జం పెద్దదై పోగులు పక్కకు జరిగాయి. దాన్ని ఎండకు ఎత్తి చూసింది. అవతల గోడ కనిపించింది. ఒక అంచున చీర అంచు ఉంది, మడిచి కుట్టిన కుట్టు కూడా ఉంది. మిగతా మూడు వైపులా కొత్తగా తెగింది. కత్తెరతో కాదు, కొడవలితో కోసినట్లు పోగులు గుంజుకుని ఉన్నాయి.

అది మూటలో మిగిలిన పేలిక కాదు. కట్టుకున్న చీర కొంగు.

ఇంద్రమ్మ సూదిని చాపకు గుచ్చింది. ముక్క వేసి వెనక్కి తిరిగేటప్పుడు నీలమ్మ కొంగు నడుముకు అందక, చంకలోనే కుక్కుకుని ఉండటం ఇప్పుడు కళ్ళకు కట్టింది. లోపలి పడుచు గొంతు ఎందుకు గొణిగిందో ఇప్పుడు అర్థమైంది. ఇద్దరు కట్టుకునే ఒక్క చీరలో నుంచి అంత ముక్క కోసింది. వాళ్ళ బట్ట తన వెనక అర్రలో ఉండగా, దానిలోదే రైక వేసుకుని, పోయి వాళ్ళనే అడుక్కుంది. లోకంలో అడుక్కునేవాళ్ళు చాలామంది ఉంటారు, దొంగలూ ఉంటారు. దొంగిలించిన ఇంటికే కొత్త బట్ట తొడుక్కుని భిక్షకు పోయినవాళ్ళు తను తప్ప ఎవరూ ఉండరు. ముఖం దాచుకోవడానికి చోటు లేక ఇంద్రమ్మ ఆ ముక్కనే ముఖానికి పెట్టుకుంది. పొగ వాసన వచ్చింది.

"ఏమైందే?" అంది మణెమ్మ.

"అత్తమ్మా, ఈ గుడ్డలిచ్చినోళ్ళకు ఏమన్న ఇద్దామా? నీలమ్మకు ఒక చీరన్న..."

మణెమ్మ చాట కింద పడేసినంత పని చేసింది. "పాగల్ లేసిందా నీకు? భిక్షానికి బదులిస్తరా ఎక్కడన్న? ఇస్తివా, కొన్నట్లే లెక్క. కొన్న అంగీ ఏం కాపాడ్తది? ముందటోళ్ళిద్దరికి కొన్నయే తొడిగితిమి గద! నీ కొడుకు మీద ఒట్టు, గీ ఏడిండ్లకు నూలుపోగు కూడ ఇయ్యొద్దు."

కొడుకు మీద ఒట్టు. ఇంద్రమ్మ మళ్ళీ సూది అందుకుంది.

మంకెన ముక్కకు వెనక తన పాత చీర పేలిక దన్నుగా వేద్దామనుకుని, అది కూడదని గుర్తొచ్చి, ఖాసింబీ ముక్కలో మిగిలింది వేసింది. కుట్టు కుట్టుకూ మధ్య గింజంత ఎడం కూడా లేకుండా కుట్టింది. అతుకులన్నీ లోపలికి మడిచి, మళ్ళీ మడిచి చదును చేసింది. ఒక పనిలో మాత్రం అత్త మాట వినలేదు. వాడ ముక్కను లోపల వేయలేదు. వీపు నడుమ, పైకి కనిపించేలా వేసింది. అంతకు మించి ఆమెకు చేతనైంది ఏమీ లేదనుకుంది. రాత్రి పక్కలో మాత్రం అది చాలదని తెలుస్తూనే ఉంది. ఇస్తే బిడ్డ పోతాడు. ఇవ్వకపోతే ఆ అంగీ తొడిగిన ప్రతిసారీ తన ముఖం తనే చూసుకోలేదు.

ఆదివారం పొద్దున అంగీ తొడిగారు. ఏడు రంగుల బట్టలో పిల్లవాడు వింతగా ఉన్నాడు. మణెమ్మ దిష్టి తీసి "భిక్షం, ఓ భిక్షం" అని పిలిచి మురిసిపోయింది. హన్మంతరెడ్డి నవ్వి కళ్ళం వైపు పోయాడు, అన్నం వేళకు వస్తానని చెప్పి. మణెమ్మ స్నానానికి పోయింది.

ఇంద్రమ్మ వెనక అర్రలోకి పోయి చాప ఎత్తింది. తెల్ల తాను ఒకటి తీసి గంపలో పెట్టి, పైన తవుడు పోసింది. పిల్లవాడిని చంకనేసుకుని, గంప నెత్తిన పెట్టుకుని దొడ్డిదారిన బయటపడింది. ఏం చేయబోతోందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఇచ్చినట్లు కాకుండా ఇవ్వాలి. గుడిసె ముందు మరిచిపోయినట్లు వదిలి వద్దామా? దారిలో పారేసుకున్నట్లు పారేద్దామా? చావుకు లెక్కలు వచ్చి ఉంటే ఇలాంటి దొంగాటలు అది కనిపెట్టదా? దారి పొడుగునా ఇవే ఆలోచనలు.

నీలమ్మ గుడిసె ముందు కూర్చుని పుల్లలు విరుస్తోంది. తలుపు మూసే ఉంది. ఇంద్రమ్మ గంప దించి తవుడు పక్కకు తోసింది. తెల్ల తాను అంచు బయటపడింది.

"తీస్కో నీలీ," అంది.

నీలమ్మ తానును చూసింది. చంకలో పిల్లవాడి వీపు మీద తన మంకెన ముక్కనూ చూసింది. లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

"వద్దు దొరసానీ. నేనిచ్చింది భిక్షం. దానికి బదులు తీసుకుంటె పిలగానికి మంచిది కాదు. నీకెరుకలేదా? తీస్కపో."

ఎవరి కొడుకు కోసమో ఆ మాట అంటోంది. చలికి మోచేతులు ముడుచుకుని, పొట్టి కొంగును మెడకు చుట్టుకుని అంటోంది. ఇంద్రమ్మకు అప్పటిదాకా కుదరని మాట ఒక్కసారిగా నోటికొచ్చింది. అది తన ఇంటికి ఎంత చెడ్డ మాటో తెలిసే అనేసింది.

"ఇది బదులు కాదు నీలమ్మా. నాది అయితె గద నేనిచ్చేది? ఇది నీదే. మీ కార్డుల మీద వచ్చిన కంట్రోలు బట్ట. నెల దినాల నుంచి మా వెనక అర్రల ఉన్నది. రాలేదన్నది అబద్ధం. మొన్న నా రైక గూడ దాంట్లదే. పుట్టింటోళ్ళు పెట్టలేదు."

అనేసి తల వంచుకుంది. తిట్టు వినాలని ఎదురుచూసింది, శాపమైనా సరేననుకుంది. నీలమ్మ పుల్లలు తీసి పక్కన పేర్చింది.

"ఎరుకనే," అంది.

"ఏంది ఎరుక?"

"అంతా ఎరుకనే. పట్నం నుంచి బండి తోలుకొచ్చింది మా ఎంకయ్య. ఎనిమిది తాన్లు వీపు మీద మోసి మీ అర్రల దించింది మా ఎంకయ్య. నీ రైక గుడ్డ గూడ వాడు మోసిందే."

ఇంద్రమ్మ తలెత్తింది. "ఎరుకుండి... పటేల్‌ను మూడుసార్లు ఎందుకడిగిండు?"

"మొదటిసారి మర్చిపోయిండేమో అని. రెండోసారి యాదికి చేద్దామని. మూడోసారి జీతం ఇడిసిపెట్టి పోదామని. నేనే ఆపిన."

"మరి నాకెందుకిచ్చినవ్? ఉన్న ఒక్క చీర కోసి..."

"పిలగాడేం చేసిండు?" అంది నీలమ్మ. తర్వాత కొంచెం ఆగి, ముఖం తిప్పకుండా అంది. "నిన్ను జూసి ఇయ్యలేదు దొరసానీ. నువ్వన్న నిజం చెప్తవా అని రైక గురించి అడిగిన. పుట్టింటోళ్ళు అంటివి."

ఇంద్రమ్మ చంకలో పిల్లవాడు అంగీ అంచు నోట్లో పెట్టుకుని చీకుతున్నాడు. పక్క గుడిసెల తలుపులు జానెడు జానెడు తెరుచుకుని, వాటి వెనక కళ్ళు కనిపించాయి. ఇంతమందికి తెలిసిన దొంగతనాన్ని ఇన్నాళ్ళూ చాప కింద దాచామనుకున్నారు తన ఇంటివాళ్ళు.

నీలమ్మ వంగి తానును పైకి తీసింది. బరువు చూసింది. ఇప్పుడు ఆమె చేయి వెనకాడలేదు.

"ఇది మాదే అంటివి గనక తీసుకుంటున్న. ఇరవై రెండిండ్లు ఉన్నయ్ వాడల. గీ ఒక్కటి ఎవరికి సరిపోతది? తక్కినయి ఎప్పుడు తెస్తవ్?"

"నేను తేను," అంది ఇంద్రమ్మ.

నీలమ్మ కళ్ళు చిట్లించింది.

"ఇది దొంగతనంగ తెచ్చిన. తవుడు కింద దాచి తెచ్చిన. బుధవారం నాటికి అవి పట్నం పోతయ్. దొంగతనంగ ఒక్కొక్కటి తెచ్చేటంత గడువు లేదు, నాకు గా మొఖం గూడ లేదు. మీరే రాండ్రి. పటేల్ అన్నానికి ఇంటికొస్తడు. వచ్చి వాకిట్ల అడుగుండ్రి."

"అడిగితె రాలేదంటడు."

"అంటడు."

"అంటె?"

"వచ్చినయని నేను చెప్త."

నీలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. నమ్మాలా వద్దా అని తూచుతోందని ఇంద్రమ్మకు తెలుస్తూనే ఉంది. నమ్మకపోయినా తప్పు లేదనిపించింది. ఒకసారి అబద్ధం చెప్పిన నోరే ఇది. ఇంటికి పోయాక, మొగుడు ఉరిమి చూశాక, అత్త గుండెలు బాదుకున్నాక ఈ నోరు ఏమంటుందో ఆమెకూ పూర్తిగా తెలియదు.

నీలమ్మ తాను అంచును పళ్ళతో కొరికి, రెండు చేతులా పట్టి లాగింది. బట్ట పర్రుమని చినిగింది. మూరలు కొలిచి మళ్ళీ చించి, ఆ పొడుగు ముక్కను తలుపు సందులోంచి లోపలికి విసిరింది.

"బుగ్గమ్మా, కట్టుకోని రా. పటేలింటికి పోవాలె."

లోపల కొంత తడబాటు వినిపించింది. తర్వాత తలుపు తెరుచుకుంది. పదిహేడేళ్ళు ఉంటాయేమో, పగటి వెలుగుకు కళ్ళు మూసి తెరుస్తూ బుగ్గమ్మ బయటికొచ్చింది. అత్త పక్కన నిలబడింది. అత్తాకోడళ్ళిద్దరినీ ఒక్కచోట చూసి ఎదురింటి ముసలిది "ఓయమ్మ" అంది. బుగ్గమ్మ తానును ఎత్తుకుని పక్క గుడిసె వైపు పోయి తలుపు కొట్టింది. అక్కడా బట్ట చినిగిన చప్పుడు. ఆ తర్వాత ఇంకో ఇంట్లో. తాను అయిపోయేసరికి వాడ నడుమ నీలమ్మ కాక తొమ్మిది మంది ఆడవాళ్ళు నిలబడ్డారు, అందరూ ఒకే తెలుపులో.

ఇంద్రమ్మ వాళ్ళ ముఖాల వైపు చూడలేకపోయింది. పిల్లవాడిని భుజాన వేసుకుని ముందు నడిచింది. శేరిగూడ తోవ మీద మనుషులు ఆగి చూస్తున్నారు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, అడుగు అడుగుకూ దొడ్డిదారి గుర్తొస్తోంది. తమ ఇంటి పెద్దదర్వాజ దూరం నుంచే కనిపించింది. హన్మంతరెడ్డి కాళ్ళు కడుక్కుంటూ తలెత్తి ఇటే చూస్తున్నాడు. ఆమె దొడ్డివైపు తిరగలేదు. వెనక ఉతకని బట్ట గరగరమంటూ దగ్గరికి వస్తూనే ఉంది.